52లోంచి 27: టీచరు ఇంటర్వ్యూకు వెళ్లే ముందు

(ప్రాథమిక ఉపాధ్యాయ శిక్షణ రెండో సంవత్సరం విద్యార్థులకు ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇంకో మూడు నెలల్లో మీ డీఎడ్ పూర్తవుతుంది. ఈ హాలులో కూర్చున్న మీలో చాలామందికి జూన్‌లో బడులు తెరిచేలోపే ఏదో ఒక పాఠశాల నుంచి ఫోను వస్తుంది. "రేపు ఉదయం పది గంటలకు రండి, డెమో ఉంటుంది" అంటారు. ఆ ఫోను వచ్చాక ఏం చేయాలో చెప్పమని నన్ను పిలిచారు. ఫోను వచ్చిన సాయంత్రం చేయగలిగింది చాలా తక్కువ. చేయవలసింది ఈ మూడు నెలల్లోనే ఉంది. అందుకే ఇవాళే వస్తానని మీ ప్రిన్సిపాల్ గారికి చెప్పాను.

నేను ముప్పై ఒక్క ఏళ్లు ప్రాథమిక పాఠశాలల్లో పాఠం చెప్పాను. ఎక్కువ కాలం ఒకటి, రెండు, మూడు తరగతులకే. పదవీ విరమణ తర్వాత మా జిల్లాలో కొన్ని పాఠశాలల వాళ్లు టీచర్లను ఎంపిక చేసేటప్పుడు నన్ను కూడా కూర్చోమని పిలుస్తున్నారు. అలా ఈ ఏడేళ్లలో రెండు వందల మందికి పైగా అభ్యర్థుల డెమోలు చూశాను. ఇవాళ చెప్పేదంతా ఆ గదుల్లో నేను చూసిందే.

మీ మనసులో ఒక ప్రశ్న ఉంటుందని తెలుసు. ప్రభుత్వ బడుల టీచర్లను ఎంపిక చేసే డీఎస్సీకి ఇంటర్వ్యూ లేదు కదా, మరి ఇదంతా ఎందుకు అని. నిజమే. డీఎస్సీలో రాతపరీక్షకు 80 మార్కులు, టెట్‌కు, అంటే ఉపాధ్యాయ అర్హత పరీక్షకు, 20 మార్కుల వెయిటేజీ. అక్కడ మిమ్మల్ని ఎవరూ పాఠం చెప్పి చూపించమని అడగరు. కానీ డీఎస్సీ ఎన్నేళ్లకు వస్తుంది? తెలంగాణలో 2017 నాటి నియామకాల తర్వాత మళ్లీ 2024లో 11,062 పోస్టులకు జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2018 డీఎస్సీ తర్వాత పెద్ద ఎత్తున జరిగింది 2025 మెగా డీఎస్సీలోనే, 16,347 పోస్టులకు. ఈ మధ్యకాలంలో డీఎడ్ చదివిన పిల్లలు ఎక్కడున్నారు? ప్రైవేటు పాఠశాలల్లో ఉన్నారు. రాత్రిళ్లు పోటీపరీక్ష పుస్తకాలు, పగలు పలకలు, బలపాలు. మీలో చాలామంది దారి కూడా అదే కావచ్చు. ఇక కేంద్రీయ విద్యాలయాల సంగతి చూడండి. 2022 డిసెంబరులో 6,414 ప్రాథమిక ఉపాధ్యాయ పోస్టులకు ప్రకటన ఇచ్చినప్పుడు రాతపరీక్షతో పాటు డెమో, ఇంటర్వ్యూ కూడా పెట్టారు. ఇంకో సంగతి. బీఈడీ చేసినవాళ్లకు ప్రాథమిక తరగతులకు బోధించే అర్హత లేదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఒకటి నుంచి అయిదు తరగతుల దాకా చిన్నపిల్లలకు చదువు చెప్పడం వేరే విద్య, దానికి వేరే శిక్షణ కావాలి, ఆ శిక్షణ మీ దగ్గర ఉంది. ఇంటర్వ్యూ గదిలోకి అడుగుపెట్టేటప్పుడు ఈ మాట గుర్తుంచుకోండి. చేతులు కట్టుకుని, తల దించుకుని లోపలికి వచ్చే పిల్లలను చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

సరే, ఆ గదిలో ఏం జరుగుతుందో చెబుతాను.

ఒక బల్ల వెనక ప్రిన్సిపాల్, కరస్పాండెంట్, ఒక సీనియర్ టీచరు ఉంటారు. మీ బయోడేటా అటూ ఇటూ తిప్పి చూస్తారు. అయిదు నిమిషాలు మాట్లాడించి, తర్వాత "మూడో తరగతికి వెళ్లండి, పది నిమిషాలు ఏదైనా పాఠం చెప్పండి" అంటారు. కొన్నిచోట్ల పాఠం వాళ్లే ఇస్తారు. జీతం మాట ఆఖరున వస్తుంది. ఇందులో మీ భవిష్యత్తును నిర్ణయించేది ఆ పది నిమిషాలే. మిగతావన్నీ దాని చుట్టూ తిరుగుతాయి. అయినా అందరూ తయారయ్యేది ప్రశ్నలకు జవాబులతోనే. "మీ గురించి చెప్పండి" అనగానే కంఠస్థం చేసిన ఇంగ్లీషు వాక్యాలు నాలుగు గబగబా అప్పజెబుతారు. పాఠం దగ్గరికి వచ్చేసరికి తడబడతారు.

రెండేళ్ల కిందట చూసిన ఒక డెమో గురించి చెబుతాను. ఆ రోజు ఒకే పోస్టుకు ఇద్దరు అమ్మాయిలు వచ్చారు. ఇద్దరికీ ఒకే పాఠం ఇచ్చాం, మూడో తరగతి తీసివేత. మొదటి అమ్మాయి చక్కగా నిలబడింది. బోర్డు మీద రాత ముత్యాల్లా ఉంది. 52లోంచి 27 తీసివేయమని లెక్క ఇచ్చింది. రెండో బెంచీలో ఒక పిల్లవాడు పలక ఎత్తి చూపించాడు. 35 అని రాశాడు. "తప్పు, కూర్చో. ఎవరు కరెక్టుగా చేశారు?" అంది. ఇంకో పాప 25 అని చూపించింది. చప్పట్లు కొట్టించింది. పాఠం ముందుకు పోయింది.

తర్వాత రెండో అమ్మాయి వచ్చింది. వేరే సెక్షన్, అదే లెక్క. అక్కడా ఒకడు 35 అనే రాశాడు. మీరు ఏ బడికి వెళ్లినా, ఈ లెక్క ఇస్తే తరగతిలో నలుగురైదుగురు 35 రాస్తారు. ఆ అమ్మాయి వాడి పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. "ఎలా చేశావో నాకు చెప్పు నాన్నా" అంది. వాడు వేలు పెట్టి చూపిస్తూ చెప్పాడు. "రెండులోంచి ఏడు పోదు టీచర్. చిన్నదాంట్లోంచి పెద్దది పోదు కదా. అందుకే ఏడులోంచి రెండు తీశాను. అయిదు. అయిదులోంచి రెండు పోతే మూడు."

చూశారా? వాడు తోచింది రాయలేదు. చిన్న సంఖ్యలోంచి పెద్ద సంఖ్య పోదు అని ఒకటో తరగతిలోనో, రెండో తరగతిలోనో మనలాంటి టీచరే చెప్పారు. వాడు ఆ సూత్రాన్ని నమ్మాడు, పాటించాడు. వాడి తప్పు మన పాఠంలోంచి పుట్టింది. ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆగి, "నువ్వు చెప్పింది నాకు అర్థమైంది" అని, సంచిలోంచి పుల్లల కట్టలు తీసింది. ఒక్కో కట్టలో పది పుల్లలు, రబ్బరు బ్యాండు వేసి ఉన్నాయి. అయిదు కట్టలు, రెండు విడి పుల్లలు వాడి ముందు పెట్టింది. "ఇవి 52 పుల్లలు. ఇందులోంచి నాకు 27 ఇవ్వు" అంది. వాడు రెండు కట్టలు ఇచ్చాడు. ఏడు విడి పుల్లలు ఇవ్వాలి. రెండే ఉన్నాయి. కాసేపు చూశాడు. ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత వాడంతట వాడే ఒక కట్టకున్న రబ్బరు బ్యాండు లాగేశాడు. పుల్లలు నేల మీద చెల్లాచెదురయ్యాయి. వాటిని పోగుచేసి ఏడు లెక్కపెట్టి ఇచ్చాడు. మిగిలినవి లెక్కపెట్టుకున్నాడు. రెండు కట్టలు, అయిదు పుల్లలు. పలక తుడిచి 25 అని రాసుకున్నాడు.

ఆ అమ్మాయికి ఇచ్చింది పది నిమిషాలు. అందులో ఏడు నిమిషాలు ఒక్క పిల్లవాడితోనే అయిపోయాయి. పాఠం పూర్తి కాలేదు. కరస్పాండెంట్ గారు నా వైపు చూసి, "సిలబస్ ఎలా పూర్తవుతుందండీ?" అని అడిగారు. వాడి చుట్టూ చేరి మెడలు సాచి చూస్తున్న పదిహేను మందిని ఆయనకు చూపించాను. తన సూత్రం ఎక్కడ పనికిరాదో వాడు కళ్లారా చూసుకున్నాడు, చుట్టూ ఉన్నవాళ్లూ చూశారు. ఉద్యోగం ఆ అమ్మాయికే వచ్చింది.

ఇంకో మాట ఇక్కడే చెప్పాలి. ఈ లెక్కలో "పక్కింటి నుంచి అప్పు తెచ్చుకో" అని మనకు చిన్నప్పుడు చెప్పారు, మీలో కొందరు ఇంటర్న్‌షిప్‌లో అలాగే చెప్పి ఉంటారు. అప్పు అంటే తిరిగి ఇవ్వాలి కదా? ఇక్కడ ఎవరూ ఎవరికీ తిరిగి ఇవ్వరు. ఒక పదిని విప్పి ఒకట్లుగా చేసుకున్నాం, అంతే. నన్ను ఒక రెండో తరగతి పాప అడిగింది, "అప్పు ఎప్పుడు తీరుస్తాం టీచర్?" అని. అప్పటి నుంచి ఆ మాట మానేశాను. డెమోలో మీరు "పదిని విప్పుదాం" అన్నారనుకోండి, బల్ల వెనక ఉన్నవాళ్లలో పాఠం తెలిసినవాళ్లు తల ఎత్తి చూస్తారు.

అందుకే మీకు నా సలహా ఇది. వంద ప్రశ్నలకు జవాబులు రాసుకోకండి. అయిదు పాఠాలు తీసుకోండి. లెక్కల్లో స్థాన విలువ ఒకటి, తీసివేత ఒకటి. తెలుగులో గుణింతం ఒకటి. పరిసరాల విజ్ఞానంలో మీకు నచ్చింది ఒకటి. ఇంగ్లీషులో ఒక చిన్న కథ. ఒక్కో పాఠానికి ఒక పేజీ రాయండి. ఆ పేజీలో మీరు చెప్పే మాటలు సగమే ఉండాలి. మిగతా సగంలో పిల్లలు ఎక్కడెక్కడ పొరపాటు పడతారో, ఎందుకు పడతారో రాయండి. ఊహించి రాయవద్దు. మీ ఇంటర్న్‌షిప్ బడికి మళ్లీ వెళ్లి, పిల్లల నోట్ పుస్తకాలు పది తిరగేయండి. ఎర్ర ఇంకుతో ఇంటూ మార్కు కొట్టిన ప్రతి లెక్క దగ్గరా ఆగి, వాడు ఎలా ఆలోచించి ఉంటాడో కనుక్కోండి. వారం రోజులు ఇలా చేస్తే చాలు, మీరు మాట్లాడే తీరే మారిపోతుంది.

తెలుగు చదవడం గురించి కూడా ఒక సంగతి చెబుతాను, ఎందుకంటే ఈ ప్రశ్న ఈమధ్య తరచుగా అడుగుతున్నారు. మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి పిల్లవాడికీ అర్థం చేసుకుంటూ చదవడం, చిన్న లెక్కలు చేయడం రావాలని 2021లో కేంద్రం నిపుణ్ భారత్ మొదలుపెట్టింది. తెలంగాణలో అదే లక్ష్యంతో 2022లో తొలిమెట్టు కార్యక్రమం వచ్చింది. కాబట్టి ప్యానెల్ వాళ్లు అడుగుతారు, "ఒక పిల్లవాడికి చదవడం వచ్చో రాదో మీకెలా తెలుస్తుంది?" అని. "చదివిస్తాను" అంటే సరిపోదు. పాఠం మొత్తం గడగడా అప్పజెప్పే పిల్లలు ఉంటారు. దగ్గరికి వెళ్లి చూడండి. వేలు ఒక పదం మీద ఉంటుంది, నోరు రెండు పదాలు ముందుంటుంది. వాడు చదవడం లేదు, విన్నది చెబుతున్నాడు. కోతి బొమ్మ ఉన్న పేజీలో 'కోతి' అని చదువుతాడు, బొమ్మను అరచేత్తో మూస్తే ఆగిపోతాడు. అలాంటివాడికి వాడికి తెలిసిన అక్షరాలతోనే, పుస్తకంలో లేని పదం రాసివ్వాలి. 'తీగ' అనో, 'కోట' అనో. అక్కడ తెలుస్తుంది వాడు ఎక్కడున్నాడో. బోర్డు మీదున్నదంతా చూసి గుండ్రంగా రాసి, ఒక్క ముక్క చదవలేని పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు. వాళ్ల నోట్ పుస్తకాలే అన్నిటికంటే అందంగా ఉంటాయి, అందుకే ఎవరి కంటా పడరు. ఇది మీ అనుభవంలోంచి ఒక్క పిల్లవాణ్ని గుర్తుచేసుకుని చెప్పండి. పేరు చెప్పనక్కరలేదు.

డెమో గురించి చిన్న చిన్న విషయాలు కొన్ని. పిల్లలకు వీపు చూపించి మూడు నిమిషాలు బోర్డు మీద రాయకండి, రెండు పదాలు రాసి తిరగండి. నిర్వచనంతో మొదలుపెట్టకండి. బోధనోపకరణం అంటే థర్మాకోల్ షీటు అనుకోకండి. చింతగింజలు, పుల్లలు, క్యాలెండర్ వెనక తెల్ల కాగితం చాలు, పిల్లల చేతికి అందేదైతే చాలు. కొన్ని బడుల్లో సెలవుల్లో ఇంటర్వ్యూ పెడతారు, పిల్లలు ఉండరు, ప్యానెల్ వాళ్లే పిల్లలనుకుని చెప్పమంటారు. అప్పుడు సిగ్గుపడకండి. పెద్దవాళ్లకు ఉపన్యాసం ఇచ్చినట్టు చెప్పకండి. నిజంగా మూడో తరగతి పిల్లలున్నట్టే ప్రశ్న అడగండి, జవాబు కోసం ఆగండి, ఎవరూ చెప్పకపోతే ప్రశ్నను ఇంకా చిన్నది చేసి అడగండి.

ఇక ప్రశ్నల దగ్గరికి వద్దాం. తప్పకుండా వచ్చేది క్రమశిక్షణ. "నలభై మంది గోల చేస్తుంటే ఏం చేస్తారు?" చాలామంది "ముందు మంచిగా చెబుతాను, వినకపోతే చిన్న దెబ్బ" అంటారు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. అందరి ముందూ గోడ కుర్చీ వేయించడం కూడా అందులోకే వస్తుంది. ఆ గదిలో ఎవరైనా "దెబ్బ లేకపోతే ఎలాగమ్మా" అని మిమ్మల్ని రెచ్చగొట్టినా ఒప్పుకోకండి. ఉద్యోగం రాకపోయినా సరే ఒప్పుకోకండి. కానీ "కొట్టను" అని ఊరుకోవద్దు, ఏం చేస్తారో చెప్పాలి. గోల ఎప్పుడు మొదలవుతుంది? లెక్క తొందరగా చేసేసినవాడికి పని లేనప్పుడు, లెక్క అర్థం కానివాడికి దారి లేనప్పుడు. ఈ ఇద్దరికీ ముందే పని సిద్ధం చేసుకుంటానని చెప్పండి, అది ఏ పనో ఒక ఉదాహరణ ఇవ్వండి.

ఇంగ్లీషు. మీలో ఎక్కువమంది భయం ఇదేనని నాకు తెలుసు. తెలుగు మాధ్యమంలో చదువుకున్నామని దాచకండి, దాచినా దాగదు. ధారాళంగా మాట్లాడలేకపోయినా, తరగతిలో రోజూ వాడే పాతిక వాక్యాలు తప్పుల్లేకుండా, తడుముకోకుండా రావాలి. పుస్తకం తెరవండి, జతగా కూర్చోండి, ఇంకోసారి చెప్పు, ఎందుకలా అనుకున్నావు, ఇలాంటివి. ఈ మూడు నెలలూ రోజూ గట్టిగా పలకండి. ఏదైనా ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ అడగమని వినయంగా కోరండి. అర్థమైనట్టు తల ఊపి వేరే జవాబు చెప్పడం వల్లే ఎక్కువమంది ఉద్యోగం పోగొట్టుకుంటున్నారు.

ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లల గురించి కూడా అడగవచ్చు. ఆదిలాబాద్‌లో గోండి, మన్యంలో సవర, తండాల్లో లంబాడీ, హైదరాబాద్ చుట్టుపక్కల కట్టడాల దగ్గరికి వలస వచ్చిన ఒడిశా, బిహార్ కుటుంబాల పిల్లలు. నూరేళ్ల కిందటే గిడుగు రామమూర్తి గారు సవర పిల్లలకు చదువు చెప్పడానికి ముందు తాను సవర నేర్చుకున్నారు. మనం అంత చేయలేకపోయినా, పిల్లవాడి భాషలో 'రా', 'కూర్చో', 'భయపడకు' అనే మూడు మాటలు మొదటి రోజే నేర్చుకోవచ్చు.

అమ్మాయిలను ఇంకో ప్రశ్న అడుగుతారు. పెళ్లి ఎప్పుడు, పెళ్లయితే పిల్లలెప్పుడు అని. ఇది అడగకూడని ప్రశ్న, అయినా అడుగుతారు. కోపం తెచ్చుకోకుండా, కుంగిపోకుండా "ఈ విద్యాసంవత్సరం పూర్తిగా పనిచేస్తాను" అని ఒక్క మాట చెప్పి ఆపేయండి. అంతకుమించి మీ సొంత విషయాలు వాళ్లకు చెప్పవలసిన పని లేదు.

జీతం గురించి అడగడానికి మొహమాటపడకండి. దీని మీద నాకు కొంచెం పట్టుదల ఎక్కువ, ఎందుకంటే మా అమ్మాయి విషయంలో దెబ్బతిన్నాం. తను మొదట చేరిన బడిలో ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసి పెట్టుకున్నారు. వేసవి రెండు నెలలకు జీతం ఇవ్వలేదు, పైగా అడ్మిషన్ల కోసం ఎండలో ఇంటింటికీ తిప్పారు. మానేద్దామంటే సర్టిఫికెట్లు వాళ్ల బీరువాలో ఉన్నాయి. ఆఖరికి నేనూ వాళ్ల నాన్నగారూ నాలుగుసార్లు తిరిగితే ఇచ్చారు. కాబట్టి చేరకముందే నాలుగు సంగతులు అడగండి. జీతం పది నెలలకా, పన్నెండు నెలలకా? రోజుకు ఎన్ని పీరియడ్లు? వేసవిలో ప్రచారానికి వెళ్లాలా? నియామక పత్రం రాతపూర్వకంగా ఇస్తారా? ఒరిజినల్స్ చూపించండి, సరిచూసుకోనివ్వండి, తిరిగి తెచ్చేసుకోండి. జిరాక్సులు ఎన్నయినా ఇవ్వండి. పని గంటల మాట వస్తే, పాఠం తయారీతో కలిపి టీచరుకు వారానికి కనీసం 45 గంటలని విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ఉందని తెలిసి ఉండండి. పాఠం తయారుచేసుకోవడం కూడా పనేనని చట్టమే ఒప్పుకుంది.

ఏమైనా అడగాలనుకుంటే అడగండి.

ఈ అమ్మాయి అడిగింది అందరికీ వినిపించేలా మళ్లీ చెబుతాను. అనుభవం ఎంత అని అడిగితే ఏమనాలి, మాకు ఇంటర్న్‌షిప్ తప్ప ఏమీ లేదు కదా అంటోంది. అమ్మా, ఇంటర్న్‌షిప్‌లో నువ్వు ఎన్ని నెలలు పిల్లల మధ్య గడిపావు? ఆ రోజుల్లో నీకు రాయడం కుదరలేదు గానీ, ఇప్పుడు గుర్తుచేసుకుని ముగ్గురు పిల్లల గురించి రాసుకో. జూన్‌లో ఎలా ఉన్నారు, నువ్వు వచ్చేసేటప్పటికి ఎలా ఉన్నారు, మధ్యలో నువ్వు ఏం చేశావు. ఆ మూడు పేజీలు నీ ఫైలులో పెట్టుకుని వెళ్లు. ఎన్ని ఏళ్లు అని అడిగినవాళ్లకు ఆ పేజీ తీసి చూపించు.

ఆ వెనక బాబు అడుగుతున్నాడు. డెమోలో మనకే జవాబు తప్పు వస్తే? బోర్డు మీద తప్పు రాశావనుకో, పిల్లలెవరో కనిపెట్టారనుకో, వెంటనే ఒప్పుకో. "అవును, నేను తప్పు రాశాను, నువ్వు చూశావు" అని దిద్దు. కప్పిపుచ్చుకుంటే ప్యానెల్ చూస్తుంది, అంతకంటే ముందు పిల్లలు చూస్తారు. టీచరు తప్పు ఒప్పుకున్న తరగతిలో పిల్లలు పలకలు దాచుకోరు.

మాటలు చాలు. అరగంట సమయం ఉంది. నేను పుల్లల కట్టలు తెచ్చాను, పలకలు కూడా ఉన్నాయి. ముందు వరసలోంచి ఒకరు వచ్చి టీచరుగా నిలబడండి. మిగతావాళ్లు మూడో తరగతి పిల్లలు. లెక్క 52లోంచి 27. మీలో నలుగురు 35 అని రాయండి, ఎందుకు రాశారో గట్టిగా వాదించండి కూడా. ఎవరు వస్తారు?